మంత్రి బల్ల దాకా వెళ్ళని ఉత్తరం

నాలుగేళ్లుగా ఒక ఉత్తరాన్ని మోస్తున్నాను. కాగితం కాదు. కాగితమైతే ఎప్పుడో చింపేసి, చింపానన్న సంగతి కూడా మరిచిపోయేవాణ్ణి. పదకొండు పేజీలు. చివరి పేజీ నాకు కంఠతా వచ్చు. ఆఫీసు లిఫ్టులో నలుగురి మధ్య నిలబడి ఉన్నప్పుడు అందులోని ఒక వాక్యం గుర్తొస్తుంది. ఏడో అంతస్తు వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, నేను దిగి వెళ్ళి పని చేసుకుంటాను. ఇలాగే నాలుగేళ్లు.

మీకే మొదట చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ ఏర్పాటు నాకు అలవాటే. నా ఉద్యోగమూ ఇలాంటిదే. మేము ఎవరి గురించి తేలుస్తున్నామో వాళ్లు మమ్మల్ని ఎన్నడూ చూడరు.

వరసగా చెప్తాను. నాకు వరసగా తప్ప చెప్పడం రాదు.

నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తాను. మా అంతస్తులో ఒక పరాయి దేశపు వలసల శాఖకు వచ్చే ఉత్తరాలను సర్దుతాం. ఆ దేశం పేరు చెప్పను. మన దగ్గర ఆ పనికి ప్రత్యేకంగా మంత్రి ఉండడు. వాళ్లకు ఉన్నాడు. అక్కడ ఉండటానికి అనుమతి అడిగి, కాదనిపించుకుని, అప్పీలుకు వెళ్ళి, అక్కడా ఓడిపోయిన మనిషికి చివరికి ఒక తలుపు మిగులుతుంది. మంత్రికి ఉత్తరం రాయవచ్చు. మంత్రికి దయ కలిగితే కాగితాలన్నీ పక్కనపెట్టి ఉండమనవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. ఇంకొక ముఖ్యమైన నియమం ఉంది, శిక్షణలో మొదటి రోజే చెప్పారు. ఆ అధికారం మంత్రి ఒక్కడిదే. ఇంకొకరికి అప్పగించడానికి వీల్లేదు. కింది అధికారి, పై అధికారి, ఎవరూ ఆయన బదులు కాదనకూడదు.

ఆ వాక్యాన్ని నేను నోట్సులో రాసుకుని కింద గీత గీశాను. ఆ పుస్తకం ఇంకా ఉంది.

చేరిన ఆరు నెలలకు నాకు ఒక పని అప్పగించారు. ఇంతవరకూ ఆ కుర్చీలో కూర్చున్న మంత్రులందరి గురించీ ఒక పట్టిక. ఎవరు ఎలాంటి ఉత్తరాలు చూశారు, ఎలాంటివి పక్కన పెట్టారు. మంత్రి మారినప్పుడల్లా సారాంశాలు కొత్త పద్ధతిలో రాయాల్సి వస్తుంది కాబట్టి అది అవసరం. ఇష్టంగా చేశాను. పాత ఫోటోలు కూడా చూశాను. మొదటి మంత్రి ఓడరేవుకు వెళ్ళి, దిగినవాళ్లకు చేయి కలిపి స్వాగతం చెప్పేవాడట. అప్పట్లో ఆ శాఖ పని మనుషులను రప్పించడం. తర్వాతి మంత్రుల ఫోటోల్లో ఓడలు తగ్గిపోయి కంచెలు కనిపిస్తాయి. కుర్చీ అదే. ఒకాయన డాక్టరు కాగితం లేని ఉత్తరం ముట్టలేదు. ఒకామె తానే వలస వచ్చినవాళ్ల బిడ్డ; అందరికంటే ఎక్కువగా కాదన్నది ఆమే. నేను పట్టిక చేసే నాటికి ఉన్న మంత్రి ముసలివాళ్ల ఉత్తరాలు సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాడు. తమ దేశపు ముసలి మనిషి ఎవరైనా పరాయి మనిషి చేతి మీద ఆధారపడి బతుకుతుంటే, ఆ ఉత్తరాన్ని ఆయన చూడకుండా వదల్లేదు. ఆయన పేరు ఎదుట ఆ సంగతి నేనే రాశాను. ఇది గుర్తుంచుకోండి. నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

రెండో పని నన్ను ఇక్కడికి తెచ్చింది.

ఒకే మనిషి మళ్లీ మళ్లీ రాస్తుంటారు. ఒకసారి మంత్రి కాదన్నాక, కొత్త విషయం లేకుండా మళ్లీ రాస్తే అది మంత్రి దాకా వెళ్ళదు. అలాంటి ఉత్తరాలను కంప్యూటరే గుర్తుపట్టి పక్కకు తీసేలా ఒక నియమం రాయమన్నారు. రాశాను. నాలుగు గడులు కలిస్తే మనిషి ఒకరే: పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. మా టీమ్ లీడ్ అందరి ముందూ మెచ్చుకుంది. ఒక గాజు ముక్క మీద నా పేరు చెక్కించి ఇచ్చారు. అది నా బల్ల మీద రెండేళ్లు ఉంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది కర్నూలు దగ్గర పల్లె. మా నాన్నకూ ఇద్దరు చిన్నాన్నలకూ పుట్టినరోజు ఒకటే. ఏడాదులు వేరు, తేదీ ఒకటి. బళ్లో చేర్చుకున్న రోజు హెడ్మాస్టరు తనకు తోచిన తేదీ వేశాడు. మా అవ్వ ఇప్పటికీ నవ్వుతుంది, "ముగ్గుర్నీ నేను కనలేదు, ఆ అయ్యవారు కన్నాడు" అని. అది మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్న హాస్యం. అంటే నాకు తెలుసు. ఒక ఊరు, ఒక బడి, ఒక తరగతి, ఒకే తేదీ. ఒక ఊళ్లో పాలివాళ్లందరికీ ఒకే ఇంటిపేరు. ఒక దేవుడికి మొక్కుకుని పుట్టిన ఆడపిల్లలందరికీ ఒకే పేరు. అందుకే మన దగ్గర ఏ ఫారంలోనైనా తండ్రి పేరు లేదా భర్త పేరు అడుగుతారు. వాళ్ల ఫారంలో ఆ గడి లేదు. ఆ అంతస్తులో కూర్చున్న యాభైమందిలో ఈ సంగతి తట్టాల్సిన మనిషిని నేనే. తట్టింది కూడా. ఒక మధ్యాహ్నం ఒక క్షణం తట్టింది. "ఎంతమంది ఉంటారులే" అనుకున్నాను.

ఆ అనుకోవడం తప్పు. కానీ నేను ఒప్పుకోవడానికి వచ్చింది అది కాదు. అది పొరపాటు. పొరపాటుకు మనిషి నాలుగేళ్లు ఇలా ఉండడు.

నేను ఉండేది నిజాంపేటలో ఒక హాస్టల్లో. వంట చేసే ఆమె పేరు భాగ్యమ్మ అనుకోండి. ఆమెది శంకరపల్లి అవతల ఒక ఊరు. మాకందరికీ ఆమె అక్క, మేమందరం ఆమెకు తమ్ముళ్లం. నేను ఆ దేశం పని చేస్తానని ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆమె సొంత అక్క ఆ దేశంలోనే పదకొండేళ్లుగా ఒక ముసలామెను చూసుకుంటూ ఉంది. ఒక ఆదివారం పొద్దున నేను టీ కోసం వంటింట్లోకి వెళ్ళాను. భాగ్యమ్మ ఉప్మా గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ నా చేతిలో పెట్టింది.

"తమ్మీ, జర ఇది చదివి చెప్పు. అక్క పంపింది. ఏడుస్తుంది పొద్దుగాల్ల సంది."

చదివాను. మా దగ్గర తయారైన ఉత్తరమే. ఆ మాటలు నాకు నిద్రలో కూడా వచ్చు. మీ విన్నపాన్ని మంత్రి ఇంతకుముందే పరిశీలించి తిరస్కరించారు. అదే విన్నపాన్ని మళ్లీ మంత్రి ముందు పెట్టడం కుదరదు. ఇరవై ఎనిమిది రోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి.

"ఇంతకుముందు ఒకసారి రాసిందా అక్కా?"

"ఏడ రాసింది? గిదే మొదలు. ఎన్నడు రాయలే. అదే చెప్తుంది. నేను రాయకముందే నాది జూసినమంటరేంది అని."

ఆమె అక్క పేరు పైన ఉంది. యాదమ్మ. పుట్టిన తేదీ కూడా ఉంది. బడులు తెరిచే నెల.

అడగకుండా ఉండాల్సింది. అడిగాను. "మీ ఊళ్లో ఇంకో యాదమ్మ ఉందా?"

భాగ్యమ్మకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. "ఒకతేంది, యాదగిరి నర్సన్నకు మొక్కినోళ్లందరికి యాదమ్మలే. మా చిన్నబాపు బిడ్డ కూడ యాదమ్మే. మా అక్కది దానిది ఒకటే క్లాసు. అది గూడ ఆ దేశమే పోయె. రెండేండ్ల కింద వాపస్ పంపిండ్రు."

అంతే. మంత్రి కాదన్నది ఆ యాదమ్మ విన్నపాన్ని. నాలుగు గడులూ కలిశాయి.

"అక్క మల్ల రాస్తనంటుంది," అంది భాగ్యమ్మ. "తప్పు పడ్డది, జూడుండ్రి అని. ఆడ ఉత్తరం రాసిపెట్టినామె కూడ రాద్దామంటుందట. నేనేమన్ననంటే, ఆగు, మా తమ్మి ఆ ఆఫీసులనే ఉంటడు, ఆయన్ను అడిగి చెప్త అన్న. రాయమందునా?"

స్టవ్ మీద టీ మరుగుతోంది. ఆమె నా ముఖం వైపు చూస్తోంది. రాయమంటే ఏమవుతుందో నాకు ఒక వరసలో కనిపించింది. ఆమె రాస్తుంది. అది తప్పు గురించి ఫిర్యాదు కాబట్టి కంప్యూటరు కాదు, మనిషి తెరుస్తారు. రెండు ఫైళ్లు పక్కపక్కన పెడతారు. నియమం ఎవరు రాశారని అడుగుతారు. ఇంకా ఎంతమందిని ఇలా కలిపిందని అడుగుతారు. ఆ వారమే ఆ దేశం నుంచి వాళ్ల మనుషులు మా అంతస్తు చూడటానికి వస్తున్నారు. నేను వాళ్ల ముందు నా నియమం గురించి మాట్లాడాలి.

"రాయొద్దక్కా," అన్నాను. "ఇంతకుముందు అనేది వాళ్లు రాసే పద్ధతి. మంత్రి చూశాడని అర్థం. మళ్లీ రాస్తే కేసు ఇంకా చెడుతుంది. ఇక ఎప్పటికీ రానివ్వరు."

"చూసిండా? మంత్రే చూసిండా?"

"చూశాడు."

"అయితే ఇగ ఏం చేస్తం," అంది. ఫోన్ తీసుకుని, నాకు టీ పోసి ఇచ్చింది. తాగాను.

ఇదే నేను చేసింది. ఇంత చిన్నది. రెండు నిమిషాలు పట్టి ఉండదు.

సోమవారం ఆఫీసులో ఆ ఫైలు తెరిచాను. ఎందుకు తెరిచాను? దిద్దుదామనా? అలా అనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, నా మాట అబద్ధం కాకపోయే అవకాశం ఏమైనా ఉందేమోనని వెతకడానికి తెరిచాను. ఒకవేళ ఆ ఉత్తరంలో ఏమీ లేకపోతే, మంత్రి ఎలాగూ కాదనేదే అయితే, నేను చేసింది తప్పు కాదు కదా? పది పేజీలు చదివాను. పదకొండోది చేతిరాత. తెలుగు. పక్కన "వేరే భాష, అనువదించలేదు" అని ఒక ముద్ర. ఆ అంతస్తులో దాన్ని చదివింది నేనొక్కణ్ణే. చదివి, మూసేశాను. మంగళవారం వచ్చినవాళ్ల ముందు నా నియమం గురించి మాట్లాడాను. ప్రశ్నలు ఉన్నాయా అని అడిగాను. ఎవరికీ లేవు.

ఇరవై ఎనిమిది రోజులు నేను లెక్కపెట్టలేదని చెప్తే నమ్మకండి. పన్నెండో రోజున మంత్రి మారాడు. సంచిలో ఉత్తరాలు ఇంటికి తీసుకెళ్ళే ఆయన పోయి, కఠినుడైన ఇంకొకాయన వచ్చాడు. ఆ రోజు నాకు ఒక రకమైన హాయి కలిగింది. ఇప్పుడు దిద్దినా లాభం లేదన్న హాయి. ఆ హాయిని నేను ఇంకా క్షమించుకోలేదు. పన్నెండు రోజుల దాకా నా చేతిలో ఉన్నది ఏమిటి మరి?

మూడు నెలల తర్వాత నియమం మార్చాను. తండ్రి పేరు వేరే కాగితాల్లో ఎక్కడైనా ఉంటే తీసుకుని పోల్చేలా. "మెరుగుదల" అని రాసి పంపాను. దానికీ మెచ్చుకున్నారు. వెనక్కి వెళ్ళి పాతవి చూడమని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎంతమందిని కలిపేసిందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. నాలుగేళ్లలో ఆ నిమిషం నేను తీయలేదు.

యాదమ్మ తిరిగొచ్చింది. ఎక్కడికి వస్తుంది? చెల్లెలి దగ్గరికే వచ్చింది. మా హాస్టల్ వంటింట్లో ఇప్పుడు ఇద్దరు అక్కాచెల్లెళ్లు. భాగ్యమ్మ వండుతుంది, యాదమ్మ వడ్డిస్తుంది.

ఆమె వడ్డించే తీరు ఒకటి ఉంది. పళ్లెం ముందు పెట్టి, చెబుతుంది. "అన్నం నీ దిక్కు. పప్పు కుడి పక్కకు. తొక్కు ఆ కొసకు, చెయ్యి పెట్టకు, కారం." అందరికీ ఇలాగే. హాస్టల్ కుర్రాళ్లకు మొదట్లో వింత. ఒకడన్నాడు, "ఏం అక్కా, మాకు కండ్లు లేవనుకున్నవా?" ఆమె గరిటె ఆపకుండానే అంది, "ఉన్నయి గని, ఫోన్ల మీద ఉన్నయి కొడుకా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. పదకొండో పేజీలో ఉంది. అక్కడి ముసలామెకు చూపు లేదు.

హాస్టల్ మారిపోవచ్చు కదా అని మీరడుగుతారు. రెండుసార్లు సామాను సర్దాను. ఒకసారి ఖాజాగూడలో గది కూడా చూసుకున్నాను, కిటికీలోంచి బండరాళ్లు కనిపిస్తాయి, ఆఫీసుకూ దగ్గర. వెళ్తున్నానని చెబితే యాదమ్మ, "ఎందుకు తమ్మీ, ఈడ తిండి మంచిగ లేదా?" అంది. సామాను విప్పేశాను. వెళ్తే పారిపోయినట్టు. ఉంటే రోజూ ఆమె చేతి అన్నం. వీటిలో ఏది తక్కువ నీచం? నేను పట్టికలు గీసుకునే మనిషిని. దీనికి పట్టిక కుదరలేదు.

ఒకసారి ఆమె నన్ను అడిగింది. వచ్చిన కొత్తలో. ముసలామెను ఏదో వృద్ధాశ్రమంలో చేర్చారట, అక్కడ తినడం మానేసిందట, నాలుగు నెలలకు పోయిందట. ఆ కబురు వచ్చిన రోజు. "మంత్రి నా ఉత్తరం మొత్తం చదివిండంటవా తమ్మీ? ఆఖరి కాయితం గూడ?"

చదివాడన్నాను.

ఆమె తల ఊపింది. "అంత పెద్ద మనిషి చదివిండు. చదివినంక గూడ వద్దన్నడంటే, ఇగ నేను చేసేటిది ఏముండె." ఆమె ముఖంలో ఒక ముడి విప్పుకున్నట్టయింది. అప్పటినుంచి ఆ మాట ఆమెకు ఊతం. కూరగాయలు తరుగుతూ, వచ్చిన వాళ్లకు చెప్తుంది, నా ఉత్తరం ఆ దేశం మంత్రి చదివిండు అని. కొంచెం గర్వంగా కూడా చెప్తుంది.

నేను ఇరుక్కున్నది ఇక్కడ. నిజం చెబితే ఆమెకు ఏం వస్తుంది? ముసలామె లేదు. వెళ్ళే చోటు లేదు. ఉన్న ఆ ఒక్క ఊతం పోతుంది. ఆమె మేలు కోరి మౌనంగా ఉన్నానని నేను చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను. ఎంత చక్కగా అమరింది చూడండి: నా అబద్ధం ఆమెకు ఆసరా అయింది, కాబట్టి నేను అబద్ధం విప్పకూడదు. ఏ నేరస్తుడికి దొరుకుతుంది ఇంత మంచి గోడ? కానీ ఆ గోడకు ఇవతలే నేనూ ఉన్నాను. అవతల నాలుగు గడులు కలిసిపోయిన ఇంకొందరు ఉండవచ్చు. వాళ్ల గురించి నేను యాదమ్మ మేలు అనే మాట వాడలేను.

ఆమెకు చెప్తానా? చెప్తానని రాస్తే మీరు నన్ను కొంచెం క్షమిస్తారు. అందుకే రాయడం లేదు. ఆఫీసులో పాతవి తిరగదోడమని చెప్తానా? అదీ రాయను. చేస్తే చేసినట్టు ఉండాలి. ఇక్కడ దాని పేరు చెప్పి ముందే మార్కులు తీసుకోకూడదు.

నేను చేయగలిగింది ఒకటే ఉంది. ఆ రోజు చేయాల్సిన పని. ఉత్తరం వస్తే మంత్రి బల్ల మీదికి ఒక పేజీ సారాంశం రాసి పంపాలి. అది నా ఉద్యోగం. యాదమ్మ ఉత్తరానికి ఆ పేజీ ఎవరూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. పేరు మార్చాను. పుట్టిన తేదీ రాయడంలో అర్థం లేదు, అది ఆమెది కాదు, హెడ్మాస్టరుది.

పేరు: యాదమ్మ. తండ్రి పేరు: ఫారంలో ఆ గడి లేదు, ఆమెకు ఉంది.

ఎన్నో విన్నపం: మొదటిది.

ఆ దేశంలో ఉన్న కాలం: పదకొండేళ్లు. ఒకే ఇల్లు, ఒకే పని.

ఆధారపడిన మనిషి: ఆ దేశపు పౌరురాలు, ఎనభై దాటినామె, చూపు లేదు, పిల్లలు లేరు. ఆమె తరఫున డాక్టరు కాగితం ఆరో పేజీలో ఉంది. ఆమె వేలు పట్టి చేయించిన సంతకం ఏడో పేజీలో ఉంది.

పదకొండో పేజీ, చేతిరాత, అనువదించలేదు. ఉన్నది ఉన్నట్టు:

"సారూ, నాకు ఈడనే ఉండాల్నని ఆశ లేదు. ఈ అవ్వ పోయినంక నేనే టికెట్ కొనుక్కొని పోత. అప్పటిదాంక ఉండనియ్యి. నేను పోతే ఈమె ముందల పళ్లెం ఎవరన్న పెడతరు. కాని అన్నం ఏ దిక్కున్నదో ఎవరు చెప్పరు."

కింద, పేజీ చివర, మంత్రి నిర్ణయం అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదులుతున్నాను. ఒకసారి నేను నింపాను.

ఉత్తరం ఇంతే. ఇప్పుడు ఒక మనిషి దాన్ని చివరి పేజీ దాకా చదివారు.